గిట్టల జంతువుల బొమ్మల పెట్టె: 96 కాళ్ళూ తిరగేసి చూశాక

ముందే చెప్పేస్తాను. బొమ్మలకు ఐదుకి నాలుగున్నర, చార్టుకు ఒకటి. విడివిడిగా ఇచ్చే వీలు లేదు కాబట్టి మూడు నక్షత్రాలు నొక్కాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి. లేనివాళ్ళకు ఒక్క ముక్క: పెట్టె కొనండి, చార్టు మాత్రం గోడకు అంటించకండి.

నా సంగతి చెప్పాలి, లేకపోతే బొమ్మల కాళ్ళ గురించి ఇంత రాద్ధాంతం ఎందుకో అర్థం కాదు. పశువుల ఆసుపత్రుల్లో 34 ఏళ్ళు సహాయకుడిగా చేశాను. పొదిలి, దర్శి, అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళల్లో 'కాంపౌండరు గారు' అనేవాళ్ళు. పాలు బాగా ఇచ్చే గేదె ఉన్నవాళ్ళు మాత్రం 'డాక్టరు గారు' అని వాళ్ళంతట వాళ్ళే ప్రమోషన్ ఇచ్చేసేవాళ్ళు. ఆ ఉద్యోగంలో సగం పని కాలెత్తి చూడటమే. ఎద్దు కుంటుతోందంటే కాలెత్తు, గేదె మేత మానేసిందన్నా నోరు చూసి వెంటనే కాలెత్తు. అందుకే ఎవరైనా బొమ్మ చేతికిస్తే మొహం చూడను. తిప్పి అడుగు చూస్తాను.

మా మనవరాలు ఆరో తరగతి. సైన్సులో క్షీరదాల వర్గీకరణ ప్రాజెక్టు ఇచ్చారని వాళ్ళమ్మ ఆన్‌లైన్‌లో ఈ పెట్టె తెప్పించింది. 1,299 రూపాయలు, ఐదు రోజుల్లో వచ్చింది. పెట్టె మీద ఐఎస్ఐ ముద్ర ఉంది. 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి, కొనేముందు మీరూ చూసుకోండి. లోపల 24 జంతువులు, ఒక రంగుల చార్టు, 16 పేజీల తెలుగు పుస్తకం. తెరవగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఒక పూట ఎండలో పెడితే పోయింది. బొమ్మలు ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. కొలతల పొంతన లేదు. పంది కంటే ఒంటె చిన్నది, గొర్రె దాదాపు గుర్రమంత ఉంది. పిల్లలు అదేం పట్టించుకోరు గానీ నాకు కాసేపు కళ్ళు తిరిగాయి.

ఇక కాళ్ళు. ఆ రోజు రాత్రి భోజనాలయ్యాక కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ టార్చి వేసుకుని, 24 బొమ్మల్నీ డైనింగ్ టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టాను. 'ఏమండీ, అన్నం తినే బల్ల మీద పందిని పెట్టారేంటి?' అని మా ఇంటావిడ కేకలు. నేను వినే స్థితిలో లేను. ఎందుకంటే అచ్చు పోసిన వాడెవడో పనిమంతుడు. ఖడ్గమృగానికి ప్రతి కాలికీ మూడేసి వేళ్ళు. పందికి నేలకు ఆనిన రెండు గిట్టలు, వెనకవైపు కాస్త పైన వేలాడే రెండు చిన్న గిట్టలు. ఒంటెకు కొసన రెండు గోళ్ళు, వాటి కింద మెత్తటి దిండు లాంటి పాదం. నీటి ఏనుగుకు నాలుగు వేళ్ళూ నేలకు ఆనించి విడదీసినట్టు పెట్టాడు, అదే సరైనది. ఇక టేపిర్ అనే జంతువు ఉంటుంది, మలేసియా అడవుల్లో నలుపూ తెలుపూ రంగుల్లో, ముక్కు కాస్త సాగి. దాని ముందు కాళ్ళకు నాలుగేసి, వెనక కాళ్ళకు మూడేసి వేళ్ళు. నాలుగు కాళ్ళూ రెండుసార్లు లెక్కపెట్టాను. సరిగ్గా ఉన్నాయి! చిటికెన వేలంత కాలికి ఆ తేడా చెక్కిన మనిషికి దండం పెట్టాలనిపించింది.

తప్పొకటే దొరికింది. జిరాఫీకి కూడా ఆవుకు లాగా వెనక చిన్న గిట్టలు పెట్టాడు. జిరాఫీకి అవుండవు. నెయిల్ కట్టర్‌కి ఉండే ఆకురాయితో అరగదీసేశాను. ఇప్పుడు మా ఇంట్లో జిరాఫీ సరైన జిరాఫీ.

ఆవు విషయంలో మాత్రం మనసు కష్టపడింది. నల్ల మచ్చల హెచ్ఎఫ్ ఆవు, అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతిది. మూపురం లేదు, గంగడోలు లేదు. ఒంగోలులో కూర్చుని ఈ పెట్టె తెరిచేవాడికి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. మన జాతి పశువుల్ని ఓడలెక్కించి తీసుకెళ్ళిన బ్రెజిల్‌లో ఇవాళ వాటిని నెల్లూరు పేరు మీద 'నెలోర్' అని పిలుచుకుంటూ మందలు మందలుగా మేపుతున్నారు. తెలుగులో పుస్తకం అచ్చేసి పెట్టెలో పెట్టినవాళ్ళకు మాత్రం ఒక మూపురం పోయడానికి ప్లాస్టిక్ చాల్లేదు. గేదె కూడా ఆఫ్రికా అడవి గేదె, నడినెత్తిన కొమ్ములు కలిసిపోయినట్టుండేది. మా మనవరాలు దాన్ని చూసి 'తాతయ్యా, ఈ గేదె పాపిడి తీసుకుంది' అంది.

సరే, చార్టు దగ్గరికొద్దాం. అసలు గొడవంతా దానితోనే.

చార్టులో జంతువుల్ని ఐదు వరసలుగా పెట్టారు. మొదటి వరస 'దళసరి చర్మం గలవి': ఏనుగు, ఖడ్గమృగం, నీటి ఏనుగు. రెండోది 'సవారీ, బరువులు మోసేవి': గుర్రం, గాడిద, జీబ్రా, రెండు రకాల ఒంటెలు, లామా, జడల బర్రె. జీబ్రా మీద ఎవరు సవారీ చేశారో నాకైతే తెలీదు. మూడోది 'జింకలు'. నాలుగోది 'పశువులు', అందులో ఆవు, గేదె, అడవి దున్న, మేక, గొర్రె, రెండు రకాల పందులు. ఐదో వరసలో జిరాఫీ, టేపిర్ మిగిలిపోతే 'ఇతరములు' అన్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది. అచ్చు పోసినవాడు అంత కష్టపడి వేళ్ళు చెక్కితే, చార్టు రాసినవాడు ఒక్క బొమ్మనైనా తిప్పి చూడలేదు.

వేళ్ళ లెక్కతో గుంపులు కట్టడం ఇవాళ్టిది కాదు. 1848లోనే ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే ఆయన గిట్టల జంతువుల్ని బేసి వేళ్ళవి, సరి వేళ్ళవి అని రెండుగా విడదీసి పేర్లు పెట్టాడు. ఆ లెక్కన ఈ పెట్టెలో బేసి వాళ్ళు ఐదుగురే: గుర్రం, గాడిద, జీబ్రా, ఖడ్గమృగం, టేపిర్. సరి వాళ్ళు 18. మిగిలింది ఏనుగు, దాని సంగతి తర్వాత. ప్రపంచంలోనూ అంతే, బేసి వాళ్ళు బాగా తక్కువ. గుర్రం, గాడిద, జీబ్రా జాతులన్నీ కలిపి ఏడు, ఖడ్గమృగాలు ఐదు, టేపిర్లు నాలుగో ఐదో. సరి వాళ్ళు వందల్లో ఉన్నారు.

ఇది చెప్పగానే మా మనవరాలు టేపిర్ ముందు కాలు నా మొహం మీద పెట్టింది. 'దీనికి నాలుగున్నాయిగా తాతయ్యా. నాలుగు సరిసంఖ్యే కదా?'

మంచి ప్రశ్న. దీనికి జవాబు పుస్తకంలో లేదు, మీ చేతిలో ఉంది. అరచేతిని బల్ల మీద ఆనించి, మెల్లగా మణికట్టు పైకి లేపుతూ వేళ్ళ కొసల మీద నిలబెట్టండి. ముందు బొటనవేలు బల్లను వదిలేస్తుంది. మిగిలిన నాలుగులో బరువంతా మధ్యవేలు, ఉంగరపు వేలు పంచుకుని, చూపుడు వేలు, చిటికెన వేలు వెనకపట్టున వేలాడితే అది పంది. ఆ పక్క రెండూ ఇంకా చిన్నబోయి పేరుకు మిగిలితే ఆవు, మేక, దుప్పి. అలా కాకుండా బరువంతా ఒక్క మధ్యవేలు మీదే పడితే అది గుర్రం. గుర్రం డెక్క అంటే మధ్యవేలి గోరు. దాని ముందుకాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. అంటే లెక్క వేళ్ళది కాదు, బరువుది. టేపిర్‌కి ముందు నాలుగు వేళ్ళున్నా బరువు మోసేది ప్రధానంగా నడిమి వేలు, నాలుగోది పక్కన చిన్నగా ఉంటుంది. అందుకని అది గుర్రం, ఖడ్గమృగాల వైపే. నీటి ఏనుగు నాలుగు వేళ్ళనూ ఆనిస్తుంది గానీ దాని బరువు మధ్యవేలికి, ఉంగరపు వేలికి నడుమ నుంచి దిగుతుంది. కనుక అది ఆవు వైపు.

లాడాలు కొట్టేవాళ్ళకు ఈ తేడా పుట్టుకతోనే తెలుసు. గుర్రం కాలికి ఒక్కటే లాడం, వంపు తిరిగి. ఎద్దు కాలికి రెండు ముక్కలు, ఒక్కో గిట్టకు ఒకటి. కొవ్వూరులో గోదావరి ఒడ్డున గోష్పాద క్షేత్రం చూసినవాళ్ళకూ తెలుసు, ఆవు అడుగు ఎప్పుడూ రెండు చీలికలే. మనం మాత్రం అన్నిటినీ గిట్టలంటాం, కొన్ని చోట్ల గొరిసెలంటారు, గుర్రానికొచ్చేసరికి డెక్క అంటాం. చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క ఆకును చూస్తే కూడా ఒక్క చీలికా కనిపించదు.

మూడో వరస, ఆ 'జింకలు', చూశాక నాకు నిజంగా కోపమొచ్చింది. చుక్కల దుప్పి, కణుజు, కృష్ణజింక, మనుబోతు, మూషిక జింక ఐదింటినీ ఒకే గాటన కట్టి, కింద 'ఇవి ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకుంటాయి' అని రాశారు. చుక్కల దుప్పి, కణుజు వరకూ నిజం. వాటి కొమ్ము వట్టి ఎముక. ఏటా రాలుతుంది, మళ్ళీ మెత్తటి నూగు చర్మం కప్పుకుని మొలుస్తుంది, కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. కృష్ణజింక కొమ్ము రాలదు. మెలి తిరిగి పొడుగ్గా, చీలిక లేకుండా, బతికినంత కాలం అదే కొమ్ము. మనుబోతుదీ అంతే. ఈ రెండూ దుప్పి చుట్టాలు కావు, ఆవు మేకల కుటుంబం.

రాలే కొమ్ముకూ రాలని కొమ్ముకూ తేడా నాకు ఒక ఎద్దు నేర్పింది. సంతకు లారీలో తెస్తుంటే పక్క ఎద్దుతో కుమ్ముకుని కొమ్ము డొల్ల ఊడొచ్చింది, టోపీ ఊడినట్టు. లోపల ఎర్రగా సన్నటి ఎముక పొడుచుకుని ఉంది, మీద రక్తం చిమ్ముతోంది. రైతు ఆ డొల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు, అతికిస్తానేమోనని. మందు రాసి కట్టు కట్టాం, రక్తం ఆగింది, ఎముక మిగిలింది గానీ డొల్ల మళ్ళీ మునుపటిలా రాలేదు. అదీ ఆవు కుటుంబపు కొమ్ము: లోపల బతికున్న ఎముక, పైన గోరు లాంటి తొడుగు. ఖడ్గమృగం కొమ్ములో అసలు ఎముకే ఉండదు, మన గోళ్ళు, వెంట్రుకలు దేనితో తయారవుతాయో అదే పదార్థం గట్టిగా పేరుకున్నది.

ఇది మన పిల్లలకు తెలియాల్సిన విషయం ఇంకో కారణానికి కూడా. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి, అదే మచ్చల జింక. రెంటినీ జింకే అంటాం. రాష్ట్రాలు విడిపోయాక రెండు వైపులా జింకే మిగిలిందని మేమూ నవ్వుకునేవాళ్ళం. తీరా చూస్తే ఒకటి ఆవుల ఇంటిది, ఇంకొకటి దుప్పుల ఇంటిది. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలికి వెళ్తే కృష్ణజింకల్ని దగ్గర్నుంచి చూడొచ్చు. కొమ్ములు చూసి లెక్క తేల్చుకోండి.

మూషిక జింక ఇంకా వేరు. దానికి కొమ్ములే ఉండవు. రాల్చడానికి ఏముందని? మగదానికి నోట్లోంచి చిన్న కోరలు బయటికొస్తాయి. కుందేలంత ఉంటుంది, నల్లమలలో ఉంది గానీ రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి చూసినవాళ్ళు తక్కువ. హైదరాబాద్ జూలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళతో కలిసి వీటిని పెంచి అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. నెమరు వేసే వాటిలో బాగా పాత తరహాది. పొట్టలో ఆవుకున్నట్టు నాలుగు గదులు పూర్తిగా ఏర్పడలేదు, మూడే అనుకోవచ్చు. పెట్టెలో నాకు బాగా నచ్చిన బొమ్మ ఇదే. కాళ్ళు అగ్గిపుల్లల్లా ఉంటాయి. రెండో రోజే ఒకటి పుటుక్కుమంది.

పుస్తకం ఆరో పేజీలో 'గిట్టలు చీలిన జంతువులన్నీ నెమరు వేస్తాయి' అని ఉంది. పంది ఏ ఊళ్ళో నెమరేసింది? నీటి ఏనుగు వేస్తుందా? రెంటికీ గిట్టలు సరే, నెమరు లేదు. ఒంటె నెమరేస్తుంది గానీ దాని పొట్ట ఏర్పాటు ఆవుది కాదు, మూడు గదులే. ఈ విషయంలో పుస్తకం కంటే మన భాషే నయం. ఆవుదీ గేదెదీ పేడ. మేకదీ గొర్రెదీ పెంటికలు. గుర్రానిదీ గాడిదదీ ఏనుగుదీ లద్దె. ఎందుకు వేరు మాట? ఆవు తిన్నదాన్ని ముందు పొట్టలో నానబెట్టి, మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమిలి, మెత్తగా చేసి పంపుతుంది కాబట్టి పేడలో గడ్డి పీచు పెద్దగా కనబడదు, గోడకు పిడకలు కొట్టుకోవచ్చు. గుర్రం అదే పనిని పొట్ట దాటాక పేగుల్లో చేసుకుంటుంది, నెమరు లేదు, అందుకని లద్దెలో గడ్డి గడ్డిలాగే కనబడుతుంది. పేడ ఎత్తిన ఆడవాళ్ళకు, లద్దె ఊడ్చినవాళ్ళకు ఈ తేడా తెలిసే రెండు మాటలు పుట్టాయని నా అనుమానం. కాకపోతే ఏనుగు కూడా లద్దె వైపే ఉంది, అది గుర్రానికి చుట్టం కాదు. పొట్ట ఒకలా పనిచేసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

చుట్టరికం తెలిసినట్టుండే ఇంకో సంగతి గాలికుంటు. 1990ల్లో దర్శి వైపు ఒక ఊళ్ళో గాలికుంటు పడితే మూడు వారాలు అక్కడే తిరిగాను. ఆవులు, గేదెలు, నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ, గిట్టల మధ్య పుండ్లు, కొన్నిటికి పురుగులు. పొద్దున్నే పర్మాంగనేటు నీళ్ళతో కడగడం, టర్పెంటైన్ పోసి పురుగులు తీయడం. ఊరి చివర ఇటుక బట్టీ దగ్గర ఆరో ఏడో గాడిదలుండేవి. అదే చెరువులో నీళ్ళు, అదే బాటలో నడక. ఒక్కదానికీ రాలేదు. బట్టీ యజమాని 'మా గాడిదలు గట్టివండీ' అని మీసం దువ్వేవాడు. గట్టితనం కాదు, ఆ వైరస్ పడేది చీలిన గిట్టల మీద: ఆవు, గేదె, మేక, గొర్రె, పంది. గుర్రాన్నీ గాడిదనూ ముట్టదు. పెంపుడు ఏనుగులకు అప్పుడప్పుడు సోకిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి జబ్బును పట్టుకుని చార్టు గీయమని చెప్పను. కానీ ఈ చార్టు కంటే ఆ వైరసే బాగా చదువుకుంది. 2019 నుంచి జాతీయ కార్యక్రమం కింద గాలికుంటు టీకాలు ఊరూరా వేస్తున్నారు, పశువులున్నవాళ్ళు వదులుకోకండి. బొమ్మల రివ్యూలో ఇదేంటంటారా, అలవాటు పోలేదు.

ఇప్పుడు ఏనుగు. పెట్టె మీద 'గిట్టల జంతువులు' అని ఉంది, లోపల ఏనుగు ఉంది. బొమ్మ బాగుంది. ముందు కాళ్ళకు ఐదేసి గోళ్ళు, వెనక నాలుగేసి, మన ఆసియా ఏనుగుకు ఉండాల్సినట్టే. కానీ అవి గోళ్ళే, గిట్టలు కావు. ఏనుగు చుట్టాలు వేరే ఉన్నాయి: సముద్రంలో గడ్డి మేసే సీ కౌలు, ఆఫ్రికా రాళ్ళల్లో కుందేలంత ఉండే హైరాక్స్‌లు. చర్మం మందంగా ఉందని ఏనుగును, ఖడ్గమృగాన్ని, నీటి ఏనుగును ఒక వరసలో నిలబెట్టే పద్ధతి రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో కువియే అనే జంతుశాస్త్రవేత్త కాలంలో ఉండేది. ఆ రోజులకు అది గొప్పే. ఇప్పుడు 1,299 రూపాయలకు దాన్నే అమ్మితే ఎలా? నీటి ఏనుగు పాపం మనవాళ్ళ దగ్గర ఏనుగైంది, గ్రీకువాళ్ళ దగ్గర నీటి గుర్రమైంది, నిజానికి అది రెండూ కాదు.

దాని బతికున్న దగ్గరి చుట్టం తిమింగలం. ఇది చెప్తే మా ఇంటావిడ నమ్మలేదు, 'రిటైరయ్యాక మీకు మరీ ఎక్కువైంది' అంది. అప్పుడు ఆదివారం తెచ్చిన మేక కాళ్ళు పనికొచ్చాయి. వెనక కాలు కీలుతో సహా కొట్టించుకుంటే చీలమండ దగ్గర ఒక చిన్న ఎముక వస్తుంది, రెండు కొసలా బావి గిలక లాంటి గాడితో. పులుసులో పిల్లలు చప్పరించి పారేసేది. గుర్రానికి ఆ గాడి ఒక వైపే. రెండు వైపులా గిలక ఉందంటే అది సరి వేళ్ళ జంతువే. పాకిస్తాన్‌లో దొరికి, 2001లో వివరాలు అచ్చయిన పాత తిమింగలాల శిలాజాలకు కాళ్ళున్నాయి, ఆ కాళ్ళల్లో సరిగ్గా ఇదే రెండు గిలకల ఎముక ఉంది. తిమింగలాలు ఏ ఇంటి నుంచి నీళ్ళల్లోకి దిగాయో ఆ ఎముక చెప్పేసింది. జన్యువులు చూసినవాళ్ళు అంతకుముందే చెప్తున్నారు.

ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర ఏరిన శిలాజాలతో 1971లో 'ఇండోహ్యూస్' అనే చిన్న గిట్టల జంతువుకు పేరు పెట్టారు. పిల్లికి కాస్త అటూ ఇటూగా, చూడ్డానికి ఇంచుమించు మూషిక జింక లాగే ఉండేదది. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన రాళ్ళను అమెరికాలో పరిశీలిస్తుంటే ఒక పుర్రె విరిగి, లోపలి చెవి ఎముక బయటపడింది. తిమింగలాలకు మాత్రమే ఉంటుందనుకున్న మందమైన చెవి ఎముక అది. 2007లో ఆ సంగతి అచ్చయింది. ఏళ్ళ తరబడి మూటకట్టి ఉన్న రాళ్ళల్లో అది అలా దాగి ఉంది. నా మటుకు నాకు ఈ కథ ఒక్కటి పుస్తకంలో వేసినా మిగతా తప్పులన్నీ క్షమించేవాణ్ణి. పుస్తకంలో తిమింగలం మాటే లేదు. పెట్టెలో బొమ్మా లేదు.

మేక ఎముకను సర్ఫ్ నీళ్ళల్లో ఉడకబెట్టి, ఎండబెట్టి మనవరాలికిచ్చాను. ప్రాజెక్టులో అన్నిటికంటే దానికే టీచరు ఎక్కువసేపు చూశారట. మటన్ కొట్టువాడు దానికి పైసా తీసుకోలేదు.

కస్టమర్ కేర్ గురించి రెండు మాటలు. చార్టులో తప్పులు ఏడు పాయింట్లుగా రాసి మెయిల్ పెట్టాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని వచ్చింది. రెండో మెయిల్ పెడితే ఒకమ్మాయి ఫోన్ చేసింది, పాపం చాలా మర్యాదగా మాట్లాడింది. 'సార్, కృష్ణజింక జింక కాదంటున్నారా?' అని మూడుసార్లు అడిగింది. పేరులో జింకే తల్లీ, చుట్టరికంలో కాదు అన్నాను. కంటెంట్ టీమ్‌కి పంపిస్తామంది. అది జరిగి రెండు నెలలు, కొత్త చార్టు రాలేదు. మూషిక జింక కాలు విరిగిందని ఫొటో పెడితే మాత్రం నాలుగు రోజుల్లో బదులు బొమ్మ పంపారు. పార్సిల్ విప్పితే మేక! ఇప్పుడు మా ఇంట్లో మేకలు రెండు. కాలు ఫెవిక్విక్‌తో నేనే అతికించాను, కాస్త వంకర వచ్చింది, కుంటుతున్నట్టుంటుంది. నాకు అలవాటైన దృశ్యమే.

కొనాలనుకునేవాళ్ళకు: మూడేళ్ళ పిల్లలకు ఇచ్చేట్టయితే సన్నకాళ్ళ జింకలు తీసి దాచండి. ఏడెనిమిదేళ్ళ పైన పిల్లలకైతే మొత్తం ఇచ్చేసి, పేర్లు చెప్పకుండా 'కాళ్ళు చూసి గుంపులు కట్టు' అనండి. మా మనవరాలు పుస్తకం ముట్టకుండా పావుగంటలో 23 సరిగ్గా పెట్టింది. ఏనుగును మాత్రం ఎటూ పెట్టలేక చేత్తో పట్టుకుని తిరిగింది. చివరికి టీవీ మీద పెట్టింది.

చార్టు కూడా దండగ కాలేదు. వెనకవైపు తెల్లగా, మందంగా, మంచి కాగితం. దాని మీద తనే కొత్త చార్టు గీస్తోంది. నీటి ఏనుగు పక్కన ఖాళీ వదిలింది. బొమ్మ లేదు కదా అని ప్రస్తుతానికి నీలం సబ్బుపెట్టె ఒకటి అక్కడ పెట్టి తిమింగలం అని రాసింది. విడిగా తిమింగలం బొమ్మ ఎక్కడైనా అమ్ముతుంటే చెప్పండి. ఈసారి కాళ్ళు చూడను లెండి.